బుడాపెస్ట్‌లో ఏ క్లబ్ మ్యాచ్ చూడాలంటే, నేనైతే హోన్వేద్ అంటాను

"చదువుకోడానికి బుడాపెస్ట్ వెళ్తున్నాను. అందరూ ఫెరెన్స్‌వారోష్ పేరే చెప్తున్నారు. హోన్వేద్ పాత క్లబ్ అని విన్నాను కానీ రెండో డివిజన్‌కి పడిపోయిందట, అక్కడ చూడ్డానికి ఏముంది?" అని అడిగారు. నేను ఉద్యోగరీత్యా ఆ ఊళ్లో కొన్నేళ్లున్నాను. అద్దెకున్నది కిష్‌పెష్ట్‌లో, అంటే హోన్వేద్ సొంత పేటలో. కాబట్టి నా అభిమానం ఎటువైపో మీకు అర్థమయ్యే ఉంటుంది.

హోన్వేద్ అనగానే చాలామంది "కమ్యూనిస్టుల కాలంలో సైన్యం పెట్టుకున్న టీమ్" అనేస్తారు. అందులో సగమే నిజం. క్లబ్ పుట్టింది 1909లో, కిష్‌పెష్ట్ ఏసీ పేరుతో. అప్పటికి కిష్‌పెష్ట్ వేరే ఊరు, బుడాపెస్ట్‌లో కలిపింది 1950లో. సైన్యం రాకముందే, తర్వాత హంగేరీ జాతీయ జట్టు తారలైన ఫెరెన్స్ పుష్కాష్, యోజెఫ్ బోజిక్ ఇక్కడ ఆడుతున్నారు. ఇద్దరూ పక్కపక్క ఇళ్ల పిల్లలు. ఆటకి పోదామంటే మధ్య గోడ మీద తట్టి పిలుచుకునేవాళ్లట. పుష్కాష్‌కి పన్నెండేళ్లు నిండక పేరు నమోదు చేయడం కుదరకపోతే, మిక్లోష్ కోవాచ్ అనే మారుపేరుతో ఆడించారు.

1949లో రక్షణ శాఖ ఈ క్లబ్‌ని తీసుకుంది, హంగేరియన్‌లో సైనికుడు అని అర్థమొచ్చే హోన్వేద్ పేరు అప్పుడొచ్చిందే. జాతీయ జట్టు కోచ్ గుస్తావ్ షెబెష్ ఆలోచన ఏంటంటే, దేశానికి ఆడేవాళ్లు ఏడాది పొడవునా ఒకే క్లబ్‌లో కలిసి ఆడితే జట్టు బాగా కుదురుతుందని. సైన్యం టీమ్ కాబట్టి, కావలసిన ఆటగాడికి సైనిక సేవ పేరుతో కబురు పెడితే సరిపోయేది. అలా ఫెరెన్స్‌వారోష్ నుంచి కోచిష్, బుదాయి వచ్చేశారు. ఆ క్లబ్ అంటే అప్పటి ప్రభుత్వానికి గిట్టదు, దాని పేరూ రంగులూ కూడా మార్పించారు. వాళ్ల అభిమానులకి ఆ బాధ ఇంకా పోలేదు, ఆ కోపంలో న్యాయముందని నేనూ ఒప్పుకుంటాను.

కానీ ఆ జట్టు ఆడిన ఆట మాత్రం ఎవరూ కాదనలేనిది. 1953 నవంబర్ 25న వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించిన హంగేరీ పదకొండు మందిలో సగానికి పైగా హోన్వేద్ వాళ్లే. మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఇంగ్లండ్ ఛాంపియన్ వుల్వ్స్ మీద ఆడ్డానికి వెళ్లారు. ఫ్లడ్‌లైట్ల కింద మ్యాచ్. మొదటి పావుగంటలోనే 2-0 ఆధిక్యం. అయితే వుల్వ్స్ మేనేజర్ స్టాన్ కల్లిస్ ముందే, అసలే తడిగా ఉన్న గ్రౌండ్‌కి ఇంకా నీళ్లు కొట్టించాడు. రెండో సగానికి అంతా బురద. చిన్న చిన్న పాస్‌లతో ఆడే హోన్వేద్ వాళ్ల కాళ్లు అందులో కూరుకుపోయి 3-2తో ఓడిపోయారు. వుల్వ్సే ప్రపంచ ఛాంపియన్లని ఇంగ్లిష్ పేపర్లు రాస్తే, ఫ్రెంచ్ జర్నలిస్టు గాబ్రియెల్ హనో అప్పుడే ఏం తేలిందని, యూరప్ క్లబ్బులన్నిటికీ కలిపి టోర్నీ పెట్టాలని పట్టుబట్టాడు. ఇప్పుడు మనం రాత్రుళ్లు మేలుకుని చూసే ఛాంపియన్స్ లీగ్ మొదలైంది అలాగే, 1955లో యూరోపియన్ కప్ పేరుతో.

ఆ కప్పే హోన్వేద్‌కి ఆఖరి ప్రయాణమైంది. 1956 అక్టోబర్‌లో బుడాపెస్ట్‌లో తిరుగుబాటు, నవంబర్‌లో వీధుల్లో సోవియట్ ట్యాంకులు. టీమ్ అప్పటికి విదేశంలో ఉంది. స్పెయిన్ క్లబ్ బిల్బావో మీద వాళ్ల ఊళ్లో 2-3తో ఓడింది. రెండో మ్యాచ్ సొంతూళ్లో కుదరక బ్రసెల్స్‌లో ఆడారు. గోల్‌కీపర్ గాయపడితే వింగర్ త్సిబోర్ గోల్‌లో నిలబడ్డాడు. అది 3-3 డ్రా అయింది, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపితే ఒకటి తక్కువై కప్ నుంచి బయటికొచ్చేశారు. ఫిఫా వద్దన్నా బ్రెజిల్ దాకా టూర్ చేశారు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది. పుష్కాష్ రియల్ మాడ్రిడ్‌కి, కోచిష్, త్సిబోర్ బార్సిలోనాకి. బోజిక్ ఇంటికి తిరిగొచ్చి ఇదే క్లబ్‌కి ఆడాడు. స్టేడియానికి పెట్టింది ఆయన పేరే, అది నాకు చాలా నచ్చిన విషయం. పుష్కాష్ మళ్లీ స్వదేశంలో అడుగుపెట్టింది 1981లో.

మనకీ ఇందులో ఒక ముడి ఉంది. ఆ తిరుగుబాటు జరిగిన 1956లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హంగేరీ ఫుట్‌బాల్ జట్టు ఇండియాతో ఆడాలి. వాళ్లు రాలేదు, మనకి వాకోవర్. హైదరాబాద్ రహీం సాబ్ కోచింగ్‌లో, సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం లాంటి వాళ్లున్న ఆ జట్టు నాలుగో స్థానం దాకా వెళ్లింది.

1980ల్లో హోన్వేద్ వరసగా టైటిళ్లు కొట్టింది. 1993 తర్వాత మాత్రం కరువు. అది తీరింది నేనక్కడ ఉన్నప్పుడే, 2017 మే నెలలో. లీగ్ ఆఖరి రోజు వీదియోతోన్‌తో మ్యాచ్, ఇద్దరికీ సమాన పాయింట్లు. పాత స్టేడియం, కాళ్ల కింద పొద్దుతిరుగుడు గింజల పొట్టు. అక్కడ అందరూ అవి నములుతూనే మ్యాచ్ చూస్తారు. నా పక్కనున్న పెద్దాయన టెన్షన్‌లో గింజలు నమలడం కూడా మానేసి పొట్లాం గుప్పిట్లో నలిపేస్తున్నాడు. మా హోన్వేద్ ఆటగాడు ఎప్పెల్ గోల్ కొట్టగానే ఆ గింజలన్నీ నా మీద పడ్డాయి, ఆయన నన్ను పట్టుకుని ఏడ్చేశాడు. 1-0. చుట్టూ అరుపులు "కిష్‌పెష్ట్, కిష్‌పెష్ట్" అనే, హోన్వేద్ అన్నవాళ్లు తక్కువ. అప్పటి కోచ్ మార్కో రోసీ తర్వాత హంగేరీ జాతీయ కోచ్ అయ్యాడు.

2023లో క్లబ్ కిందికి పడిపోయింది, నిజమే. అయినా వెళ్లండి. హతార్ ఊట్ మెట్రో దగ్గర దిగి 42వ నంబర్ ట్రామ్ ఎక్కితే చాలు. ఇప్పుడున్నది 2021లో తెరిచిన కొత్త స్టేడియం, ఎనిమిది వేల పైచిలుకు సీట్లు. పుష్కాష్ అకాదేమియా అని ఇంకో క్లబ్ ఫెల్చూత్ అనే చిన్న ఊళ్లో ఉంది. పేరు చూసి అటు పోకండి, పుష్కాష్ ఆ ఊరి క్లబ్‌కి ఎప్పుడూ ఆడలేదు. మీ క్లాస్‌మేట్లు ముందు ఫెరెన్స్‌వారోష్‌కి తీసుకెళ్తే అదీ చూడండి, బాగుంటుంది. ఈ రెండు క్లబ్బుల వాళ్లకీ అసలు పడదు కాబట్టి, ఆ పచ్చ-తెలుపు కండువా మాత్రం కిష్‌పెష్ట్ వచ్చేటప్పుడు రూమ్‌లోనే వదిలి రండి.