పచ్చళ్ల వ్యాపారానికి ఎలాంటి ఫోటోలు పెట్టాలి?
ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్లో అమ్ముతున్నాం, గూగుల్లో దొరికిన ఫోటోలు వాడొచ్చా అని అడిగారు. వద్దండి. అవి వేరేవాళ్లవి, అనుమతి లేకుండా వాడితే కాపీరైట్ సమస్య వస్తుంది, పైగా ఫోటోలో ఒకటి, సీసాలో ఇంకోటి కనిపిస్తే కొన్నవాళ్లు మళ్లీ రారు. మీ ఆవకాయనే తీయండి. పొద్దున కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్, ట్యూబ్‌లైటు రెండూ ఆపేయండి, ఎందుకంటే రెండు రకాల వెలుగు కలిస్తే ఆ ఎరుపు అసలు రంగులో రాదు. సీసా ఒక్కటే సరిపోదు, వేడన్నంలో కలిపిన ముద్ద, టెంకతో ఉన్న ముక్క దగ్గరగా, కాయలు కొడుతున్న చేతులు కూడా తీయండి, నాకైతే ఈ చివరిదే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. బరువు, తయారీ తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు చదవగలిగేలా లేబుల్ ఫోటో తప్పనిసరి. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ ఎంచుకోండి, లేకపోతే ఆ చిన్న అక్షరాలు మసకబారతాయి.