బొనైర్‌లో పడవ లేకుండా ఒడ్డు నుంచే స్కూబా డైవింగ్ చేయడం ఎలా?

దక్షిణ కరేబియన్‌లోని ఈ డచ్ దీవిలో డైవింగ్ చోట్లకు రోడ్డు పక్కన పసుపు రాళ్లే గుర్తు. పికప్ ట్రక్‌లో సిలిండర్లు వేసుకుని వెళ్లి, అక్కడే దిగొచ్చు. ముందు మెరైన్ పార్క్ రుసుము కట్టాలి, తర్వాత ఒక పరిచయ డైవ్ చేయాలి, ఇవి తప్పనిసరి. చేతి గ్లవ్స్ నిషేధం.

అసలు కష్టం నీళ్లలోకి దిగడమే. ఒడ్డంతా విరిగిన పగడపు ముక్కలు, నాచు పట్టిన రాళ్లు, సందుల్లో సీ అర్చిన్లు అనే ముళ్ల సముద్ర జీవులు. గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి. మాస్క్ పెట్టుకుని, రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం) నోట్లో ఉంచుకుని, బీసీడీలో (తేలడానికి గాలి నింపే జాకెట్) కొంచెం గాలి నింపి, పాదాలు ఈడుస్తూ నడవండి. నడుము లోతు వచ్చాకే ఫిన్స్ (పాదాలకు వేసుకునే ఈత రెక్కలు) తొడుక్కోవాలి. ఎక్కువమంది పడేది బయటికి వచ్చేటప్పుడు: తొందరపడి రెగ్యులేటర్ తీసేస్తారు, వెనక నుంచి అల కొడుతుంది. పొడి నేల మీద నిలబడేదాకా తీయకండి.

ప్రవాహానికి ఎదురుగా మొదలుపెట్టండి. సిలిండర్‌లో 200 బార్ (గాలి పీడనం కొలత) ఉండగా దిగితే 130 దగ్గర వెనక్కి తిరగండి, 50 మిగిలి ఉండగా ఒడ్డు చేరాలి. 1984లో మునిగిన హిల్మా హుకర్ ఓడ సుమారు 30 మీటర్ల లోతులో పక్కకు ఒరిగి ఉంటుంది. అక్కడ గాలి త్వరగా అయిపోతుంది, గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ తరచూ చూసుకోండి.

ట్రక్‌లో విలువైనవేవీ వదలకండి, దొంగతనాలు జరుగుతాయి. చాలా రోజులు వరుసగా డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. నా లెక్కలో 24 ఇంకా మేలు.