మొదటి ఫ్లై ఫిషింగ్ ప్రయాణానికి ఏ నది మంచిది: కృష్ణా, మున్నేరా, తీర్థనా?

గుంటూరు నుంచి మీరు అడిగినది ఇది: మీరూ మీ బావమరిదీ మొదటిసారి ఫ్లై ఫిషింగ్‌కు వెళ్ళాలనుకుంటున్నారు, 9 అడుగుల 5 నంబరు రాడ్ (గాలపు కర్ర) కొన్నారు, మార్చి నెలలో వారం రోజులు సెలవు దొరుకుతుంది. ఇంటి దగ్గరున్న కృష్ణలోనే మొదలుపెట్టాలా, హిమాచల్ ప్రదేశ్ వెళ్ళి ట్రౌట్ చేపలుండే నదిలో మొదలుపెట్టాలా అన్నది మీ సందేహం. మీ బావమరిదికి ఈత రాదని కూడా రాశారు. నేను విజయవాడలో ఉంటాను, కొన్నేళ్ళుగా ఈ పద్ధతిలోనే చేపలు పడుతున్నాను. నా సలహా ముందే చెబుతాను: కృష్ణలో మొదలుపెట్టకండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు నందిగామ దగ్గర పారే మున్నేరులో విసరడం నేర్చుకోండి, మార్చి చివరి వారంలో హిమాచల్‌లోని తీర్థన్ నదికి వెళ్ళండి. ఇలా ఎందుకు అంటున్నానో కొంచెం వివరంగా రాస్తాను.

మొదటి నదిని ఎంచుకునేటప్పుడు చాలామంది అక్కడ చేపలు బాగా ఉన్నాయా అని అడుగుతారు. నా దృష్టిలో అది నాలుగో ప్రశ్న కావాలి. మొదట చూడవలసింది మీ వెనక ఎంత ఖాళీ ఉందన్నది. మామూలు గాలంలో ఎర బరువో సీసపు గుండు బరువో దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొక్కేనికి ఈకా దారమూ చుట్టి చేసిన ఈగకు బరువంటూ ఉండదు కనుక, లైన్ (ఇందుకోసమే చేసిన మందపాటి దారం) బరువే దాన్ని మోసుకుపోవాలి. బండి తోలేవారు చెర్నాకోలను వెనక్కి తీసి ముందుకు విసిరినట్టే, మీరు ఎంత దూరం విసరదలచారో దాదాపు అంత లైన్ ముందుగా మీ వెనక గాలిలో పూర్తిగా విచ్చుకోవాలి. వెనక తుమ్మచెట్లో, జమ్ముగడ్డో, కరకట్ట వాలో ఉంటే ఈగ అక్కడే చిక్కుకుంటుంది. నేర్చుకునే రోజుల్లో గంటలో సగం కాలం కొమ్మల్లోంచి కొక్కేలు తీసుకోవడానికే పోతే, ఎంత చేపలున్న నది అయినా మీకేమీ నేర్పదు. రెండో ప్రశ్న, నీటిలో నిలబడితే కాలి కింద ఏముందో కనిపిస్తుందా అన్నది. మూడోది, ఆ నదికి ఎగువన గేట్లున్న ఆనకట్ట ఉందా, ఉంటే ఆ గేట్లు ఎప్పుడు ఎత్తుతారో మీకు తెలిసే వీలుందా అన్నది. ఈ మూడింటికీ సరైన జవాబు దొరికిన తరువాతే చేపల సంగతి.

ఈ కొలతలతో చూస్తే కృష్ణ నిలబడదు. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పొడవే 1,223 మీటర్లు. దానికి ఎగువన నీరు అంత వెడల్పున, లోతుగా, దాదాపు కదలకుండా నిలిచి ఉంటుంది. కొత్తవారు మంచి రోజున 10, 12 మీటర్లు విసరగలరు. అంత పెద్ద నీటిలో ఆ దూరంలో చేప ఎక్కడ ఉందో ఊహించడానికి ఏ ఆనవాలూ దొరకదు. పారే నీటిలో రాయి వెనకో మలుపు దగ్గరో చేప ఉంటుందని చెప్పవచ్చు కానీ నిలిచిన నీటిలో అలా చెప్పలేము. బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెలూ చిన్న పాయలూ కనిపించి మనసు లాగుతుంది. అయితే ఆ నీరు పూర్తిగా గేట్ల చేతిలో ఉంది. ఎగువనున్న పులిచింతల ప్రాజెక్టు నుంచి వచ్చే ప్రవాహాన్ని బట్టి దిగువకు వదిలే నీరు మారుతూ ఉంటుంది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్ళింది. అది అసాధారణమైన వరద అన్నమాట నిజమే, అయితే మామూలు రోజుల్లో వదిలే నీరు కూడా ఈత రాని మనిషి నిలుచున్న పాయను ముంచడానికి చాలును. బందరు కాలువ, ఏలూరు కాలువ, గుంటూరు వాహిని అసలే వద్దు: గట్లు నిటారుగా ఉంటాయి, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, చాలాచోట్ల పైన కరెంటు తీగలు వెళ్తుంటాయి. మీ రాడ్ కార్బన్ ఫైబరుతో చేసినదైతే అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. తీగల కింద దాన్ని ఎత్తడం ప్రాణాపాయం.

మున్నేరు సంగతి వేరు. వానలు వెనకబట్టి, డిసెంబరు వచ్చేసరికి నందిగామ, పెనుగంచిప్రోలు ప్రాంతాల్లో అది ఇసుక మీద పలచగా, చాలాచోట్ల మోకాలి లోతుకు మించకుండా పారుతుంది. నదీగర్భం వెడల్పు కనుక ఇసుకలో నడుమకు నడిచి వెళ్తే వెనక చెట్టూ చేమా ఉండవు. నీరు తేటపడినప్పుడు పరిగలు గుంపులుగా తిరగడం కనిపిస్తుంది, మడుగుల అంచున జిలేబీ చేపలు ఉంటాయి. ఇవి పెద్ద చేపలు కావు. అయినా నేర్చుకునేవారికి ఇవే మేలైన గురువులని నా నమ్మకం. ఎందుకంటే ఈగ నీటిలో సహజంగా కొట్టుకుపోతే పరిగ దాన్ని నోట పట్టుకుంటుంది, లైన్ లాగి ఈగ అడ్డంగా ఈడ్చుకుపోతే వదిలేస్తుంది. ఆ తేడా కళ్ళ ముందే కనిపిస్తుంది. నేను నా మేనల్లుడికి ఇక్కడే నేర్పాను. వాడు పట్టిన వాటిలో అరచేతిని మించినది లేదు, అయినా చీకటి పడేదాకా నీటిలోంచి బయటికి రాలేదు.

అయితే మున్నేరులో ఒక ప్రమాదం ఉంది, దీన్ని మీరు తేలికగా తీసుకోకూడదు. ఇసుక తవ్వకాల వల్ల నదీగర్భంలో పెద్ద గుంతలు పడి ఉన్నాయి. పైనుంచి చూస్తే నీరంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో తల మునిగే లోతు రావచ్చు. నేను మొదట వెళ్ళినప్పుడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన, అడగకుండానే లేచి వచ్చి, ఎక్కడిదాకా నడవవచ్చో, ఎక్కడి నుంచి గుంతలు మొదలవుతాయో తన కర్రతో చూపించారు. అప్పటి నుంచి ఏ రేవుకు వెళ్ళినా ముందు అక్కడి మత్స్యకారులను పలకరించి, ఆ సంగతి తెలుసుకున్న తరువాతే నీటిలో కాలు పెడుతున్నాను. దీనికి ఇంకో కారణమూ ఉంది. ఆ నీటి మీద బతికేవారు వారు. వారి వలల మీదుగా కొక్కెం విసరడం, వారి అనుమతి లేకుండా దిగడం న్యాయం కాదు. స్థానిక మత్స్యకారుల సహకార సంఘాన్నీ మత్స్యశాఖ వారినీ అడిగి, అవసరమైన అనుమతి తీసుకోండి. జూన్ నుంచి అక్టోబరు దాకా మున్నేరు వైపు పోవద్దు. 2023 జూలైలో ఐతవరం దగ్గర ఆ వరద నీరు హైదరాబాదు జాతీయ రహదారి మీదికే ఎక్కి రాకపోకలు ఆపేసింది.

నీటికి వెళ్ళేముందు ఏదైనా ఖాళీ మైదానంలో, కొక్కెం బదులు చిన్న ఊలు ముక్క కట్టి, ఉదయం పూట సాధన చేయండి. అక్కడ మీ వెనక లైన్ విచ్చుకుంటున్నదీ లేనిదీ తల తిప్పి చూసుకోవచ్చు. బలం పెట్టడం కంటే వెనక ఆగడం ముఖ్యమని చెయ్యికి తెలిసేది అక్కడే.

ఇక మార్చి ప్రయాణం. దూరం వెళ్ళదలచుకున్నప్పుడు కొందరు కావేరి మహసీర్ అంటారు. అది పెద్ద నీటి చేప, పట్టడానికి బలమైన సామగ్రి, అనుభవం కావాలి. పైగా కావేరిలోని మూపురపు మహసీర్‌ను 2018లో తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చారు. మొదటి ప్రయాణానికి అది తగదు. కాశ్మీరులోని లిద్దర్ అందమైన ట్రౌట్ నది, అక్కడ నదిని బీట్లుగా, అంటే చిన్న చిన్న భాగాలుగా విభజించి రోజుల వారీగా అనుమతి ఇస్తారు. కానీ మీకున్న వారం రోజుల్లో దారిలోనే ఎక్కువ భాగం గడిచిపోతుంది. అందుకే తీర్థన్ అంటున్నాను.

తీర్థన్ హిమాచల్‌లోని కులూ జిల్లాలో, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానవనం నుంచి దిగి వస్తుంది. బ్రౌన్ ట్రౌట్ మన దేశపు చేప కాదు. 1900 ప్రాంతంలో బ్రిటిషువారు మొదట కాశ్మీరుకు తెప్పించారు, తరువాత కులూ లోయ నదుల్లోనూ వదిలారు. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే అది తట్టుకోలేదు కనుక మంచు కరిగి వచ్చే ఇలాంటి చల్లని నీటిలోనే బతుకుతుంది. తీర్థన్ చిన్న నది. దాని ఒడ్డునున్న గుశైనీ ఊరి చుట్టుపక్కల చాలాచోట్ల ఒడ్డు నుంచే నడుమ పారే నీటిని అందుకోవచ్చు. నీరు తేటగా ఉండి అడుగున రాళ్ళు కనిపిస్తాయి, ఎక్కడ దిగవచ్చో ఎక్కడ దిగకూడదో కళ్ళే చెబుతాయి. పెద్ద బండ వెనక నీరు నెమ్మదించే చోట చేప ఎగువకు ముఖం పెట్టి ఎదురుచూస్తుంది కాబట్టి, దిగువ నుంచి నడుస్తూ ఎగువకు విసిరితే అది మిమ్మల్ని చూడదు. ఈ పాఠం కృష్ణలో నేర్చుకోలేరు, తీర్థన్‌లో మొదటి ఉదయమే అర్థమవుతుంది. ట్రౌట్ సంఖ్యను బట్టి చూస్తే అక్కడ ఇంతకంటే పేరున్న చోట్లు ఉండవచ్చు. అయినా కొత్తవారికి నేను చెప్పే నది ఇదే.

అన్నిటికంటే ముఖ్యమైనది మూడో ప్రశ్నకు దొరికే జవాబు. తీర్థన్ మీద జలవిద్యుత్ ప్రాజెక్టులు కట్టరాదని హిమాచల్ ప్రభుత్వం నిర్ణయించింది, అందువల్ల ఎగువన గేట్లు ఎత్తి నీరు వదిలే భయం లేదు. ఇది మన తెలుగువారికి ఎందుకు చెప్పాలో మీకూ గుర్తుండే ఉంటుంది. తీర్థన్ వెళ్ళి బియాస్‌లో కలిసేది లార్జీ దగ్గర. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు ఆ లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో, దిగువన తలౌట్ దగ్గర కొట్టుకుపోయారు. ఆ పిల్లలు దిగినప్పుడు అక్కడి నీరు తక్కువగానే ఉంది. తీర్థన్ లోయకు దారి మళ్ళే ఔట్ దగ్గర బస్సు దిగగానే బియాస్ ఎంతో ప్రశాంతంగా కనిపిస్తుంది, ఒక్కసారి విసిరి చూద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. రాడ్ సంచిలోంచి తీయకుండా నేరుగా బంజార్ మీదుగా గుశైనీ వెళ్ళండి.

కాలం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ పట్టడం నిషేధం, ఎందుకంటే అది గుడ్లు పెట్టే కాలం. మార్చిలో నీరు తక్కువగా, తేటగా ఉంటుంది. చలి మాత్రం మన ఊహకు అందనంత ఉంటుంది. మే, జూన్ నెలల్లో మంచు కరిగి నీరు పెరుగుతుంది, జూలై, ఆగస్టులలో వానలకు నది బురదగా మారడమే కాకుండా మేఘవిస్ఫోటాల వల్ల ఒక్కసారిగా వరద వస్తుంది. మార్చి తప్పితే అక్టోబరు ఎంచుకోండి. పట్టడానికి రోజువారీ లైసెన్సు మత్స్యశాఖ ఇస్తుంది. మీరు బస చేసే ఇంటివారిని ముందుగా ఫోనులో అడిగితే లైసెన్సుకూ, వెంట వచ్చే స్థానిక గైడుకూ వారే ఏర్పాటు చేస్తారు. మొదటి రెండు రోజులైనా గైడు ఉండాలి, ఆ డబ్బు దగ్గర లెక్క చూసుకోవద్దు.

మీ బావమరిది గారి విషయం విడిగా రాస్తున్నాను. ఈత రాదన్నది తీర్థన్‌కు వెళ్ళకపోవడానికి కారణం కాదు. అయితే ఆయన ఒడ్డునే నిలబడి విసరాలి, మీరు నీటిలో దిగినా మోకాలు దాటి వెళ్ళకూడదు. పర్వత నదిలో రాళ్ళు పాచి పట్టి జారుతాయి. ఎగువకు ముఖం పెట్టి, చేతిలో గట్టి కర్రతో, ఒక కాలు నిలదొక్కుకున్న తరువాతే రెండోది కదపాలి. ఆయనకు ముందుగా రోల్ కాస్ట్ నేర్పండి. అందులో లైన్ వెనక గాలిలోకి వెళ్ళదు, నీటి మీదే చుట్టలా దొర్లి ముందుకు పోతుంది కాబట్టి ఒడ్డున చెట్లున్నా ఇబ్బంది ఉండదు. ఇద్దరూ టోపీ, కళ్ళద్దాలు తప్పక పెట్టుకోండి, ఎందుకంటే గాలి వీచినప్పుడు కొక్కెం ముఖం మీదికే వస్తుంది.

మీ రాడ్ మున్నేరుకూ తీర్థన్‌కూ సరిపోతుంది, కొత్తది కొనవద్దు. నీటిపై తేలే లైన్ ఒకటి, 12 నుంచి 16 నంబరు కొక్కేలకు కట్టిన ఈగలు కొన్ని చాలు. కొక్కెం మొనకున్న ముల్లును చిన్న పటకారుతో నొక్కేయండి. చేపను పెద్దగా గాయం లేకుండా వదలవచ్చు, మీ చేతికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. ట్రౌట్‌ను పట్టుకునే ముందు చేతులు తడుపుకోండి, పొడి చేతులు దాని ఒంటి జిగురును తీసేస్తాయి. విజయవాడ నుంచి ఢిల్లీకి రైలు టికెట్లు మార్చి చివరికి త్వరగా నిండిపోతాయి, అవి ఇప్పుడే తీసుకోండి. జనవరిలో ఏదో ఒక ఆదివారం మున్నేరుకు వస్తామంటే ఇక్కడే రాయండి, నేనూ వస్తాను. గుంతలు ఎక్కడున్నాయో ఆ రేవు వారిని కలిసి అడుగుదాం.