సన్ సంస్థ ఎదిగిన తీరు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంట్లో ఏళ్ల తరబడి చూస్తున్న జెమినీ టీవీ చెన్నైలోని సన్ సంస్థదని ఈ మధ్యే తెలిసింది. ఒక్క తమిళ ఛానల్‌తో మొదలైన ఆ సంస్థ దక్షిణాది అంతటా ఎలా విస్తరించగలిగింది? రాజకీయ అండ ఉండబట్టే ఎదిగిందనే మాట నిజమేనా?

జవాబు: సన్ టీవీని కళానిధి మారన్ 1993 ఏప్రిల్ 14న, తమిళ సంవత్సరాది నాడు ప్రారంభించారు. ప్రైవేటు సంస్థలు మన గడ్డ మీద నుంచి ఉపగ్రహానికి నేరుగా సంకేతాలు పంపుకొనే వీలు అప్పట్లో లేదు కనుక, కార్యక్రమాలను టేపులకు ఎక్కించి, వాటిని విమానంలో విదేశానికి చేర్చి, అక్కడి నుంచి ప్రసారం చేయించవలసి వచ్చేది. చెన్నైలో తీసిన సీరియల్ పక్క వీధిలోని ప్రేక్షకుడికి చేరడానికి ముందు సముద్రం దాటి రావలసిన రోజులవి.

కళానిధి మారన్ కేంద్ర మంత్రిగా పనిచేసిన మురసొలి మారన్ కుమారుడు. మురసొలి మారన్ అప్పటి డీఎంకే అధినేత కరుణానిధికి స్వయానా మేనల్లుడు. ఆ బంధుత్వం తమిళనాడులో సంస్థకు కలిసిరాలేదని ఎవరూ అనరు. అయితే 1994లో కన్నడంలో ఉదయ, 1998లో మలయాళంలో సూర్య మొదలై నిలదొక్కుకోవడానికి, 1995లో మొదలైన జెమినీ తెలుగు ఇళ్లలో పాతుకుపోవడానికి చెన్నై రాజకీయం ఒక్కటే కారణమంటే నమ్మడం కష్టం. (సూర్యుడి పేర్లు పెట్టుకున్న ఈ కుటుంబంలో మన తెలుగు ఛానల్ ఒక్కటే మిథున రాశి పేరుతో మిగిలిపోయింది.)

నా దృష్టిలో అసలు కీలకం స్లాట్ల అమ్మకం. సాధారణంగా ఛానల్ తన డబ్బుతో సీరియల్ తీయించుకుని, ప్రకటనలు అమ్ముకుని ఆ ఖర్చు రాబట్టుకోవాలి. సన్ ఈ లెక్కను తిరగేసింది. అరగంట సమయాన్ని నిర్మాత ప్రసార రుసుము చెల్లించి తీసుకుంటాడు, సీరియల్ తన ఖర్చుతో తీస్తాడు, ఆ అరగంటలో తన వాటాగా వచ్చిన ప్రకటనల సమయాన్ని తానే అమ్ముకుని పెట్టుబడిని, లాభాన్ని వెతుక్కుంటాడు. సీరియల్ ఆడకపోతే ముందుగా మునిగేది నిర్మాతే. ఛానల్‌కు రావలసిన రుసుము మాత్రం వచ్చేస్తుంది. ఇలా మిగిలిన సొమ్ము సినిమాల శాటిలైట్ హక్కులు, అంటే వాటిని టీవీలో ప్రసారం చేసుకునే హక్కులు, కొనడానికి ఉపయోగపడింది. ఒకసారి కొన్న సినిమాను పండుగకూ, ఆదివారానికీ మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు కనుక, ఆ హక్కులను పెద్ద ఎత్తున ముందే పోగుచేసుకున్న సంస్థతో తరువాత వచ్చినవారు పోటీపడడం కష్టమైంది.

కేబుల్ సంగతి కూడా తక్కువది కాదు. బటన్లు నొక్కే పాత టీవీల్లో కొద్దిపాటి ఛానళ్లే స్పష్టంగా వచ్చేవి; వెనకెక్కడో పడిన ఛానల్‌లో చుక్కలు తప్ప బొమ్మ సరిగా కనిపించేది కాదు. ఏ ఛానల్‌ను ఏ స్థానంలో పెట్టాలో కేబుల్ ఆపరేటర్ చేతిలో ఉండే ఆ కాలంలో, చెన్నైలో సుమంగళి కేబుల్ విజన్ ఇదే కుటుంబానిది.

2006 ఏప్రిల్‌లో సన్ టీవీ ఒక్కో షేరును 875 రూపాయలకు ప్రజలకు అమ్మింది. అప్పటిదాకా వేర్వేరు కంపెనీలుగా ఉన్న జెమినీ, ఉదయలు ఆ తరువాతనే అందులో విలీనమై సన్ టీవీ నెట్‌వర్క్ ఏర్పడింది.

ప్రశ్న: రేడియోలోనూ ఇదే పద్ధతి పనిచేసిందా? ఎఫ్‌ఎంలో సొంత వార్తలు ఎందుకు రావు?

జవాబు: రేడియోలో ఇది కుదరలేదు. ఉపగ్రహ ఛానల్ ఒక్కసారి పైకి వెళితే దేశమంతటా దిగుతుంది. ఎఫ్‌ఎం మాత్రం నగరానికొక లైసెన్సు, నగరానికొక వేలం. పైగా 1999లో ప్రకటించిన తొలి విధానంలో లైసెన్సు రుసుము ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 15 శాతం చొప్పున పెరిగేది కనుక, 40 నగరాల్లో 108 ఫ్రీక్వెన్సీలు వేలానికి పెట్టినా చాలామంది పాడుకుని కూడా వెనక్కి తగ్గారు. సన్ సంస్థ సూర్యన్ ఎఫ్‌ఎంతో తమిళనాడులో అడుగుపెట్టినా, రేడియోలో నిజమైన విస్తరణ 2005లో విధానం మారిన తరువాతనే సాధ్యమైంది. ప్రవేశ రుసుము ఒక్కసారి కట్టి, ఆపైన ఆదాయంలో 4 శాతం చెల్లిస్తే చాలునన్నది ఆ మార్పు. మన హైదరాబాదులో 93.5 మీద వినిపించే రెడ్ ఎఫ్‌ఎం కూడా ఈ గొడుగు కిందిదే.

వార్తల విషయంలో తప్పు సంస్థలది కాదు. ప్రైవేటు ఎఫ్‌ఎం సొంతంగా వార్తలు చదవడానికి ప్రభుత్వ అనుమతి లేదు; 2011 నాటి మూడో దశ విధానం ఆకాశవాణి వార్తలను మార్చకుండా తిరిగి ప్రసారం చేయనిచ్చింది, అంతే. టీవీలో వార్తా ఛానల్ పెట్టుకోగలిగిన సంస్థ అదే ఊళ్లోని తన రేడియోలో ఆ వార్తను చదవలేకపోవడం విచిత్రమే.

ప్రశ్న: కొత్తగా ఛానల్ పెట్టేవారు ఇప్పుడూ స్లాట్లు అమ్మి ఎదగవచ్చా?

జవాబు: ఎదగలేరు. ప్రేక్షకులు ముందే ఉన్న ఛానల్‌లోనే నిర్మాత స్లాట్ కొంటాడు. సన్ సంస్థే క్రమంగా సొంత డబ్బుతో సీరియళ్లు తీయించుకునే పద్ధతికి మళ్లింది.