అద్దె తీసుకోవడం తప్పా?

ప్రశ్న: మేముంటున్న ఇల్లు కాక మాకు మరో ఇల్లు ఉంది. ఎనిమిదేళ్లుగా ఒకే కుటుంబానికి అద్దెకిస్తున్నాం. ‘వాళ్లు ఇన్నేళ్లూ కట్టిన డబ్బుతో సగం ఇల్లు వచ్చేది. అయినా ఒక్క ఇటుకైనా వాళ్లది కాదు. ఇదేం న్యాయం?’ అని మా అబ్బాయి నిలదీస్తున్నాడు. నేనెవరినీ మోసం చేయలేదే!
– ఒక పాఠకురాలు

జవాబు: చేయలేదమ్మా. మీ అబ్బాయి కూడా ఆ మాట అనలేదు, మీరే అనుకుని బాధపడుతున్నారు. నేను సగం జీవితం అద్దె ఇళ్లలో గడిపినదాన్ని. నా తీర్పులో కాస్త పక్షపాతం కనిపిస్తే సర్దుకోండి.

అబ్బాయి వేసిన లెక్క ఒకవైపుదే. ఇల్లు ఊరికే నిలబడదు. పైకప్పు కారుతుంది, మోటారు కాలిపోతుంది, ఇంటి పన్ను ఏటా వస్తుంది, ఎవరూ చేరని నెలల్లో అద్దె రాదు. మీ డబ్బంతా ఆ గోడల్లో ఇరుక్కుని ఉంది. అద్దెకున్నాయన నెత్తిన అప్పు లేదు, ఉద్యోగం మారితే నోటీసిచ్చి వెళ్లిపోగలడు. ఆ వెసులుబాటుకు ధర తీసుకోవడంలో నాకు తప్పు కనిపించడం లేదు.

కానీ అద్దెంతా ఆ ధరే అనుకోకండి. ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే ఇంటి అద్దెను రెండుగా విడదీశాడు: కట్టడం మీద వచ్చేది, దాని కింది నేల మీద వచ్చేది. కట్టడం ఏటికేడు పాతబడుతుంది. నేల విలువేమో దగ్గర్లో రోడ్డో బడో ఆస్పత్రో వచ్చినప్పుడల్లా పెరుగుతుంది. ఆ రోడ్డు మీరు వేయించలేదు. దానికైన ఖర్చులో అద్దెకున్నాయన కట్టిన పన్నూ ఉంది. అయినా రోడ్డు వచ్చిందని పెరిగిన అద్దె కట్టేది ఆయన, పుచ్చుకునేది మీరు. మీ అబ్బాయికి కోపం వచ్చేది ఇక్కడే అయితే ఆ కోపం సబబే. ఇలా పెరిగిన నేల విలువను పన్ను రూపంలో సమాజానికి తిరిగి రాబట్టాలని అమెరికా ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ 1879లో గట్టిగా వాదించాడు. అది ప్రభుత్వాలు తేల్చాల్సిన సంగతి, మీ ఒక్కరి మెడకు చుట్టను.

మీ చేతిలో ఉన్నది వేరే ఉంది. కొత్తగా ఇల్లు వెతుక్కునేవాడికి మీ అద్దె నచ్చకపోతే పక్క వీధి చూసుకుంటాడు. ఎనిమిదేళ్లుగా ఉన్నవాడికి అది అంత తేలిక కాదు. పిల్లల బడి, పెద్దవాళ్లకు అలవాటైన వైద్యుడు, సామాను తరలించే ఖర్చు, కొత్త చోట మళ్లీ అడ్వాన్సు. ఆ ఇబ్బంది మీకూ తెలుసు. ‘ఎలాగూ కదల్లేడు’ అన్న ధీమాతో అద్దె పెంచారా, ఆ పెంచిన సొమ్ముకు బదులుగా మీరు ఇచ్చిందేమీ ఉండదు. నేను అన్యాయమనేది దాన్నే.

అందుకే ఏటా ఎంత పెంచుతారో, ఖాళీ చేయమనాలంటే ఎన్ని నెలల ముందు చెబుతారో ఒప్పందంలో రాసేయండి. వాళ్లు వెళ్లేటప్పుడు అడ్వాన్సులో ఏదైనా పట్టుకుంటే బిల్లు చూపించండి. గోడరంగు వెలిసిందని మాత్రం పట్టుకోకండి. ఎనిమిదేళ్లలో మనం వెలవలేదా ఏమిటి!

ప్రశ్న: మా ఇంటి యజమాని మేం లేనప్పుడు తన దగ్గరున్న తాళంచెవితో లోపలికి వచ్చి వెళ్తున్నారు. అడిగితే ‘నా ఇల్లే కదా’ అంటున్నారు.
– మరో పాఠకుడు

జవాబు: ఇల్లు ఆయనదే. అద్దె పుచ్చుకున్నన్నాళ్లూ అందులో నివసించే హక్కు మీది. నీళ్ల గొట్టం పగలడమో నిప్పంటుకోవడమో జరిగితే తప్ప, ముందుగా చెప్పి మీకు వీలైన వేళలోనే రావాలి. ఈ మాట నోటితో కాక కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు దాచుకోండి. తాళం మార్చే ముందు మాత్రం ఒప్పందంలో దాని గురించి ఏముందో చదవండి.