నొక్కినప్పుడల్లా జరిగిపోయే విండో

ప్రశ్న: మిర్చి యార్డులోని మా కమీషన్ దుకాణానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. కాటా చీటీ చూపించే విండో వెడల్పు 801 పిక్సెళ్లు. ‘కొత్త చీటీ’ బటన్ నొక్కగానే విండో కేంద్రాన్ని లెక్కకట్టి, అదే కేంద్రం మీద దాన్ని మళ్లీ నిలబెడుతున్నాను. అయినా నొక్కినప్పుడల్లా ఒక పిక్సెల్ ఎడమకు జరుగుతోంది; రైతులకు కనబడాలని ఎడమ పక్కన పెట్టిన రెండో మానిటర్‌లోనైతే కుడికి జరుగుతోంది. భిన్నం వచ్చిన ప్రతిచోటా దాన్ని పూర్ణాంకంగా మార్చే ‘ఇంట్’ వాడాను. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: భిన్నాన్ని రెండుసార్లు కత్తిరించడంలో ఉంది. విండో ఎడమ అంచు 282 దగ్గర ఉందనుకోండి. 801లో సగం 400.5 కనుక కేంద్రం 682.5 అవుతుంది, ఇంట్ దాన్ని 682 చేస్తుంది. అందులోంచి మళ్లీ 400.5 తీసివేస్తే వచ్చే 281.5 కూడా 281గా మిగులుతుంది. రెండు అరలు పోయి ఒక పిక్సెల్ తరుగు పడింది.

రెండో మానిటర్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. విండోస్‌లో ప్రధాన మానిటర్ ఎడమ పై మూల సున్నా కాబట్టి, దానికి ఎడమనున్న మానిటర్‌లో అడ్డు నిరూపకాలన్నీ రుణసంఖ్యలే. ఇంట్ ఎప్పుడూ సున్నా వైపుకే కత్తిరిస్తుంది గనుక −1162.5 కాస్తా −1162 అవుతుంది, అంటే కుడికి జరిగినట్లే.

ఇంట్‌కు బదులు ‘రౌండ్’ వాడదామనుకుంటారేమో, అదీ నమ్మదగింది కాదు: పైథాన్ సరిగ్గా అర వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్యకు సవరిస్తుంది కనుక 282.5ను 282 చేస్తుంది, 83.5ను 84 చేస్తుంది.

కేంద్రాన్ని సగం చేయకుండానే దాచుకోవడం మేలు. ఎడమ అంచుకు రెట్టింపు వేసి వెడల్పు కలిపితే 1365 వస్తుంది. ఇది కేంద్రానికి రెట్టింపు. విండోను నిలబెట్టేటప్పుడు మాత్రమే అందులోంచి వెడల్పు తీసివేసి, రెండు గీతల భాగహారంతో (//) రెండుతో భాగించండి. మళ్లీ 282 వస్తుంది. ఈ భాగహారం రుణసంఖ్యలనూ కిందికే దించుతుంది కాబట్టి రెండు మానిటర్లలోనూ విండో కదలదు. వెడల్పు మార్చినా ఆ 1365ను అలాగే ఉంచాలి తప్ప, కొత్త అంచు నుంచి మళ్లీ లెక్కకట్టకూడదు.

1366 పిక్సెళ్ల స్క్రీన్‌లో 801 వెడల్పు విండో ఎలాగూ కచ్చితంగా నడుమ కూర్చోదు. ఒకవైపు 282, మరోవైపు 283 మిగులుతాయి. అది కంటికి ఆనదు. వెడల్పును 800 చేస్తే మీ ఇబ్బంది ఇప్పటికి మాయమవుతుంది గాని, ఎవరైనా విండో అంచు పట్టుకుని లాగి బేసి వెడల్పుకు తెచ్చిన రోజున మళ్లీ బయటపడుతుంది.