ఎరువుల షాపు బాకీలకి ఏ డేటాబేస్?

ప్రశ్న: ఖమ్మం దగ్గర మాకు మూడు ఎరువుల షాపులున్నాయండి, బిల్లులు, రైతుల బాకీలు అన్నీ ఎక్సెల్‌లోనే. ఇప్పుడు మా తమ్ముడు సొంతంగా సాఫ్ట్‌వేర్ రాస్తూ మైఎస్‌క్యూఎల్ పెడదామంటున్నాడు. అది ఒరాకిల్ వాళ్లది కదా, రేపు డబ్బులు అడిగితే? పేర్లు తెలుగులో కొడితే సరిగ్గా ఉంటాయా?

జవాబు: డబ్బుల భయం అక్కర్లేదండి. 2010లో, అప్పటి దాని యజమాని సన్ కంపెనీతో పాటు అది ఒరాకిల్ చేతికెళ్లింది నిజమే, కానీ దాని ఉచిత రకం కమ్యూనిటీ ఎడిషన్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ మీదే ఉంది, మీ షాపుల్లో మీరు వాడుకుంటే ఎవరూ అడగరు. అయినా నమ్మకం లేనివాళ్ల కోసం మరియాడీబీ ఉంది, మైఎస్‌క్యూఎల్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన మాంటీ విడేనియస్ 2009లో దాని కోడ్ నుంచే విడదీసిన వేరే డేటాబేస్ అది.

నన్నడిగితే మాత్రం మీకు పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో ఉచిత డేటాబేస్ మేలు. ఎందుకంటే మీది రైతుల బాకీల లెక్క, తప్పుడు అంకె లోపలికి రాకూడదు. స్టాక్ సున్నా కంటే తగ్గకూడదని టేబుల్‌లో చెక్ (నియమం) రాస్తే 2019లో 8.0.16 వెర్షన్ వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్ దాన్ని ఎర్రర్ కూడా చూపించకుండా వదిలేసేది, ఇప్పుడు పట్టించుకుంటుందనుకోండి, కానీ ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణం మార్చే ఆదేశం) కొట్టగానే కమిట్ అయిపోవడం, అంటే వెనక్కి తీసుకోలేకుండా ఖాయమైపోవడం ఇంకా ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌లో (మొత్తం జరిగితే జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదనే కట్టలో) నాలుగు టేబుళ్లు మారుస్తూ మూడోదాని దగ్గర తేడా వస్తే రోల్‌బ్యాక్ అంటే చాలు, అన్నీ వెనక్కి వచ్చేస్తాయి. సాఫ్ట్‌వేర్ ఇంకా రాస్తూనే ఉన్న మీ తమ్ముడికి ఇది చాలా పెద్ద ధైర్యం.

తెలుగు పేర్ల సంగతి. లక్ష్మి అని చూడ్డానికి రెండక్షరాలే, యూనికోడ్ (కంప్యూటర్లో అన్ని భాషల అక్షరాలకు నంబర్లిచ్చే పద్ధతి) లెక్కలో ఏడు, యూటీఎఫ్8లో (ఆ నంబర్లను బైట్లుగా దాచే పద్ధతి) ఒక్కోటి 3 బైట్లు. అందుకే పేరు కాలమ్‌కి పొడవు 20 అని పెడితే ఇంటిపేరుతో కలిపి సరిపోదు, పోస్ట్‌గ్రెస్‌లో టెక్స్ట్ (పొడవు చెప్పక్కర్లేని రకం) అని పెట్టేయండి, డేటాబేస్ యూటీఎఫ్8లో చేయండి. మైఎస్‌క్యూఎలే వాడితే యూటీఎఫ్8ఎంబీ4, పాత యూటీఎఫ్8లో తెలుగు పడుతుంది గానీ 4 బైట్ల ఎమోజీ పట్టదు.

ఎస్‌క్యూలైట్ అని ఒకే ఫైల్‌లో నడిచే చిన్న డేటాబేస్ ఉంది, ఒక్క షాపు, ఒక్క కంప్యూటర్ అయితే హాయిగా సరిపోయేది, మూడు చోట్ల నుంచి రాయాలంటే వద్దు, ఒకసారికి ఒక్కరే రాయగలరు దాంట్లో.

పోస్ట్‌గ్రెస్‌లో రో (టేబుల్‌లో ఒక వరస) మార్చినప్పుడల్లా పాతది అక్కడే ఉండిపోతుంది, తర్వాత ఆటోవాక్యూమ్ అనే దాని సొంత పనివాడు వచ్చి శుభ్రం చేస్తుంది, స్పీడు కోసమని దాన్ని ఆపొద్దు. రోజూ రాత్రి పీజీడంప్‌తో (పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ సాధనం) బ్యాకప్ తీసి నెలకోసారైనా వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి చూసుకోండి.